మీరు అడిగారు: లేజర్ చిప్పులోంచి రొద లేని మైక్రోవేవ్

పోయిన సంచికలో రాడార్ గురించి రాస్తూ చివర్లో ఒక్క లైన్ రాశా, ఇప్పుడు లేజర్ వెలుతురుని చిన్న చిప్పు మీద భాగించి మైక్రోవేవ్ సిగ్నల్ తీస్తున్నారు, చాలా ప్రశాంతంగా ఉంటుంది ఆ సిగ్నల్, రొద మైనస్ 140 డీబీసీ అని. ఆ ఒక్క లైన్ మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. బోరుబావి సెన్సార్ గురించి, ఇన్వర్టర్ బ్యాటరీ గురించి అడిగినవాళ్ళకి వచ్చే నెల తప్పకుండా చెప్తా.

మేడమ్, కోఠి గుజరాతీ గల్లీలో ఒక క్రిస్టల్ కొనుక్కుని పీఎల్ఎల్ మాడ్యూల్ (క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని గుణించి పెంచే సర్క్యూట్) పెట్టుకుంటే ఎన్ని గిగాహెర్ట్జ్ కావాలంటే అన్ని వస్తున్నాయి కదా. మళ్ళీ దానికి లేజర్లు ఎందుకు?
(డిప్లొమా స్టూడెంట్, ఉప్పల్)

మంచి ప్రశ్న తమ్ముడూ, ఫ్రీక్వెన్సీ రావడం వేరు, ఆ ఫ్రీక్వెన్సీ కదలకుండా నిలబడటం వేరు, మన కాలేజీల్లో మొదటిదే చూపిస్తారు, డిస్‌ప్లే మీద 10.000 గిగాహెర్ట్జ్ అని పడగానే ప్రాక్టికల్ అయిపోయిందంటారు. కానీ ఆ సిగ్నల్ ప్రతి సైకిల్ సరిగ్గా టైమ్‌కి రాదు, ఒకటి కాస్త ముందు ఒకటి కాస్త వెనక వస్తుంది, ఆ తడబాటునే ఫేజ్ నాయిస్ అంటాం, టైమ్ లెక్కలో చెప్తే జిట్టర్.

బస్సులతో చెప్తా చూడు. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కి పది నిమిషాలకో సిటీ బస్సు ఉందనుకో, ఒక నిమిషం లేటైతే వ్యవధిలో పదో వంతు పోయినట్టు. అదే మీ అమ్మమ్మ వాళ్ళ ఊరికి రోజుకొక్కసారి వెళ్ళే పల్లె బస్సు ఒక నిమిషం లేటైతే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే రోజులో 1440 నిమిషాలున్నాయి. లేటు ఒకటే, కానీ సైకిల్ ఎంత పెద్దదైతే ఆ లేటు అంత చిన్నగా కనిపిస్తుంది. ఫేజ్ అంటే ఇదే, సైకిల్‌లో ఎంత వంతు తప్పాం అన్నది.

ఇప్పుడు నీ క్రిస్టల్ 10 మెగాహెర్ట్జ్, దాన్ని పీఎల్ఎల్‌తో 10 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్ళావంటే వెయ్యి రెట్లు గుణించావు, టైమ్‌లో తడబాటు అంతే ఉంది కానీ సైకిల్ వెయ్యి రెట్లు చిన్నదైపోయింది, కాబట్టి ఫేజ్ తప్పు వెయ్యి రెట్లు పెరిగింది, నాయిస్ పవర్ లెక్కలో పది లక్షల రెట్లు, అంటే 60 డీబీ (డీబీ అంటే డెసిబెల్, పవర్ పది రెట్లు మారిన ప్రతిసారీ 10). ఇది నీ సర్క్యూట్ తప్పు కాదు, ఎంత ఖరీదైన మాడ్యూల్ కొన్నా ఈ 60 డీబీ కట్టాల్సిందే, పైన మాడ్యూల్ సొంత నాయిస్ అదనం.

మరి వెలుతురు వైపు నుంచి రా. మనం ఫైబర్‌లో వాడే ఇన్‌ఫ్రారెడ్ లేజర్ ఫ్రీక్వెన్సీ దాదాపు 193 టెరాహెర్ట్జ్, ఒక సైకిల్ 5 ఫెమ్టోసెకన్లు మాత్రమే. అక్కడి నుంచి 10 గిగాహెర్ట్జ్‌కి దిగాలంటే 19,300తో భాగించాలి, గుణించడం కాదు భాగించడం, కాబట్టి ఈసారి నాయిస్ తగ్గుతుంది, పవర్ లెక్కలో 37 కోట్ల రెట్లు, 86 డీబీ. ఈ ప్రయత్నమంతా ఈ ఒక్క దానికోసమే: కింద నుంచి పైకి ఎక్కితే రొద పెరుగుతుంది, పైనుంచి కిందికి దిగితే తగ్గుతుంది.

అలాగని క్రిస్టల్‌ని తక్కువ చేయను. 100 మెగాహెర్ట్జ్ దగ్గర చాలా మంచి ఓవెన్ క్రిస్టల్స్, అంటే ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే క్రిస్టల్స్, ఉన్నాయి, అక్కడి నుంచి 10 గిగాహెర్ట్జ్‌కి 40 డీబీయే కలుస్తుంది, అలాంటి ఖరీదైనవి కొన్నిచోట్ల ఈ ఫోటోనిక్ చిప్పులతో ఈరోజుకీ పోటీ పడతాయి. కానీ 30, 60, 100 గిగాహెర్ట్జ్ అని పైకి పోతుంటే క్రిస్టల్‌కి ఊపిరి అందదు, అక్కడే వెలుతురు గెలుస్తుంది.

మైనస్ 140 డీబీసీ అని రాశారు, అది ఎంతో అసలు అర్థం కాలేదు. నేను కోడ్ రాసేవాణ్ణి, నాకర్థమయ్యేలా చెప్పగలరా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి)

తప్పకుండా. డీబీసీ అంటే అసలు సిగ్నల్ పవర్తో పోల్చి రొద ఎంతో చెప్పే డెసిబెల్ లెక్క. అసలు సిగ్నల్ పవర్‌ని ఒకటి అనుకోండి. దానికి పక్కన, ఉదాహరణకి 10 కిలోహెర్ట్జ్ దూరంలో, ఒక్క హెర్ట్జ్ వెడల్పున్న సందులో ఎంత రొద పవర్ ఉందో చూస్తాం. అది మైనస్ 100 అయితే సిగ్నల్‌లో వెయ్యి కోట్ల వంతు, మైనస్ 140 అయితే కోటి కోట్ల వంతు. మైనస్ పక్క అంకె ఎంత పెద్దదైతే అంత ప్రశాంతం. ఎంత దూరంలో చూశారో, ఏ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌కి చూశారో చెప్పకుండా ఉత్త మైనస్ 140 అంటే అర్థం లేదు, పోయినసారి నేను ఆ రెండూ రాయలేదు, రాయాల్సింది.

మీకు దగ్గరగా ఉండే ఉదాహరణ ఏడీసీ, అంటే అనలాగ్ సిగ్నల్‌ని అంకెల్లోకి మార్చే చిప్. అది క్లాక్ కొట్టినప్పుడల్లా ఒక శాంపిల్ తీసుకుంటుంది, క్లాక్ తడబడితే శాంపిల్ తప్పు చోట తీసుకుంటుంది, వేగంగా మారే సిగ్నల్ అయితే ఆ తప్పు ఇంకా పెద్దది. 10 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని 100 ఫెమ్టోసెకన్ల జిట్టర్ ఉన్న క్లాక్‌తో శాంపిల్ చేస్తే ఎంత గొప్ప ఏడీసీ అయినా మీకు దక్కేది 44 డీబీ, అంటే ఏడు బిట్లు. ఆ జిట్టర్‌ని 1 ఫెమ్టోసెకన్‌కి తెస్తే 84 డీబీ, దాదాపు పదమూడున్నర బిట్లు. కోడ్ ఏం రాసినా ఆ పోయిన బిట్లు వెనక్కి రావు, అందుకే క్లాక్ మీద ఇంత పట్టింపు.

మా ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉందండీ. మీరు రాసేది ఆ మైక్రోవేవేనా? చిప్పులోంచి వస్తే ఒంటికి ఏమైనా అవుతుందా?
(గృహిణి, మల్కాజిగిరి)

అదే జాతి తరంగమేనమ్మా, మీ ఓవెన్‌ది 2.45 గిగాహెర్ట్జ్, ఈ చిప్పులది 10, 20, 100 గిగాహెర్ట్జ్. ఓవెన్‌లో మాగ్నెట్రాన్ వందల వాట్లు పోస్తుంది అన్నం వేడెక్కడానికి, దానికి ప్రశాంతత అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, వైఫై కూడా అదే ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంటుంది కాబట్టి ఓవెన్ ఆన్ చేస్తే ఒక్కోసారి వైఫై తడబడుతుంది. చిప్పులోంచి వచ్చేది మిల్లీవాట్లలో, ఒక్కోసారి అంతకన్నా తక్కువ, అదీ కేబుల్ లోపలే పోతుంది. భయపడాల్సిందేమీ లేదు.

2024లో నేచర్ పత్రికలో ఈ విషయం మీద ఒకేసారి పేపర్లు వచ్చాయని మా ప్రొఫెసర్ చెప్పారు, చదివాను గానీ టూ పాయింట్ ఆప్టికల్ ఫ్రీక్వెన్సీ డివిజన్ దగ్గర ఆగిపోయాను. వెలుతురు మైక్రోవేవ్ ఎలా అవుతుంది? రెండు లేజర్లు ఎందుకు?
(బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం విద్యార్థిని, ఇబ్రహీంపట్నం)

నువ్వు ఆగిన చోటే అసలు విషయం ఉంది అమ్మా, కాబట్టి తీరుబడిగా చెప్తా, చాయ్ పెట్టుకుని చదువు.

ముందు దువ్వెన. ఫ్రీక్వెన్సీ కోంబ్ అంటారు, వెలుతురులో ఒకే రంగు కాకుండా సమానమైన దూరంలో వందలో వేలో రంగులు వరసగా ఉంటాయి, దువ్వెన పళ్ళలాగా. పక్కపక్క పళ్ళ మధ్య దూరం 20 గిగాహెర్ట్జ్ అనుకో. ఈ పళ్ళన్నీ ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా ఉంటే, టైమ్‌లో చూసినప్పుడు అది సెకనుకి 2000 కోట్ల చిన్న చిన్న వెలుతురు పల్సులుగా కనపడుతుంది. ఆ పల్సుల్ని వేగమైన ఫోటోడయోడ్ మీద పడేస్తే కరెంటు అదే లయలో వస్తుంది, అంతే, అదే నీ 20 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్. వెలుతురు మైక్రోవేవ్‌గా మారే చోటు ఆ ఫోటోడయోడ్ ఒక్కటే. జాన్ హాల్, థియోడోర్ హాన్ష్ ఇద్దరికీ 2005లో వచ్చిన నోబెల్‌లో ఈ దువ్వెన పనికి పెద్ద వాటా ఉంది.

అప్పట్లో ఆ దువ్వెన అంటే టేబుల్ నిండా అద్దాలు. 2007లో జర్మనీ మాక్స్ ప్లాంక్ వాళ్ళు చిన్న గాజు రింగులో ఒకే లేజర్ పంపి దువ్వెన పుట్టించారు. రింగులో వెలుతురు తిరుగుతూ తిరుగుతూ దాని మీద అదే పేరుకుని ఎంత గాఢం అవుతుందంటే ఆ గాజు గుణమే కొంచెం మారిపోయి కొత్త రంగులు పుడతాయి. 2014కి ఆ రంగులన్నీ కలిసి చెదరని ఒకే పల్సుగా, సోలిటాన్ అంటారు, రింగులో తిరిగేలా చేయగలిగారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది సిలికాన్ నైట్రైడ్, చిప్ ఫ్యాక్టరీలకి బాగా అలవాటైన పదార్థం. ఒక లెక్క వేసి చూడు: 20 గిగాహెర్ట్జ్ దువ్వెన కావాలంటే రింగు చుట్టుకొలత ఏడున్నర మిల్లీమీటర్లు చాలు, దాని క్యూ ఫ్యాక్టర్, అంటే వెలుతురుని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చెప్పే అంకె, పది కోట్లు ఉంటే వెలుతురు సగటున 80 నానోసెకన్ల పైనే లోపల ఉంటుంది, ఆ టైమ్‌లో 12 మీటర్లు, అంటే 1600 చుట్లు తిరుగుతుంది. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినపడుతుంది కదా, దారిలో శబ్దం పోకుండా కాపాడిన కట్టడం అది, ఈ రింగు వెలుతురుకి అలాంటి కట్టడం.

కానీ దువ్వెన ఒక్కటే ఉంటే సరిపోదు, దాని పళ్ళ మధ్య దూరం కూడా ఊగుతుంది. చిన్న రింగు కాబట్టి దానిలో వేడి ఎప్పుడూ సూక్ష్మంగా కదులుతూనే ఉంటుంది, వేడి కదిలితే వెలుతురు వేగం మారుతుంది, లయ చెడుతుంది. కాబట్టి దువ్వెనని ఇంకా గట్టిదానికి కట్టేయాలి. ఆ గట్టిది కేవిటీ, ఎదురెదురుగా రెండు అద్దాలు, మధ్యలో ఖాళీ, వీలైతే వాక్యూమ్, వేడికి దాదాపుగా వ్యాకోచించని ప్రత్యేకమైన గాజుతో చేసిన దిమ్మ. అద్దాల మధ్య దూరం ఎంత స్థిరంగా ఉంటే దానికి లాక్ చేసిన లేజర్ అంత స్థిరం. ఒక సెంటీమీటర్ కేవిటీతో పది పవర్ 14లో ఒక వంతు స్థిరత్వం కావాలంటే ఆ దూరం ఒక ప్రోటాన్ సైజులో పదో వంతు కన్నా తక్కువ కదలాలి. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేను మూడుసార్లు సరిచూసుకున్నాను, నువ్వు కూడా వేసి చూడు. అద్దం మీద వెలుతురు మచ్చ కోట్లకొద్దీ అణువుల మీద పరుచుకుని సగటు తీసుకుంటుంది కాబట్టి ఇది సాధ్యం.

ఇప్పుడు నీ ప్రశ్న. పాత పద్ధతిలో ఒకే లేజర్‌ని కేవిటీకి లాక్ చేసి, దువ్వెనని సున్నా ఫ్రీక్వెన్సీ వరకూ లెక్కపెట్టేలా సరిచేసుకుని 193 టెరాహెర్ట్జ్ మొత్తాన్నీ భాగించేవాళ్ళు. అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్ వాళ్ళు 2011లో ఇలాగే 10 గిగాహెర్ట్జ్ తీశారు, ఒక హెర్ట్జ్ దూరంలోనే మైనస్ 104. 2017లో పారిస్ వాళ్ళు 12 గిగాహెర్ట్జ్ దగ్గర, 10 కిలోహెర్ట్జ్ దూరంలో మైనస్ 173 దాకా వెళ్ళారు. అద్భుతాలే, కానీ గది నిండా సామాను. దువ్వెనని సున్నా దాకా సరిచేయాలంటే దాని వెడల్పు ఒక ఆక్టేవ్ ఉండాలి, అంటే ఈ చివర రంగుకి ఆ చివర రంగు రెట్టింపు ఫ్రీక్వెన్సీ, చిప్పు మీద 20 గిగాహెర్ట్జ్ దువ్వెనతో అంత వెడల్పు రావాలంటే పవర్ చాలదు.

అందుకే రెండు లేజర్లు. రెండింటినీ అదే కేవిటీకి లాక్ చేస్తారు, కానీ వేర్వేరు రెజొనెన్సులకి, అంటే ఆ కేవిటీలో నిలబడగలిగే వేర్వేరు ఫ్రీక్వెన్సీలకి, మధ్యలో ఉదాహరణకి 1.2 టెరాహెర్ట్జ్ దూరం ఉండేలా. హుస్సేన్‌సాగర్‌లో బోటు మీద ఇద్దరు మనుషులు నిలబడ్డారనుకో, అల వస్తే ఇద్దరూ కలిసి లేస్తారు కలిసి దిగుతారు, ఒడ్డు నుంచి చూస్తే ఇద్దరి ఎత్తూ మారుతోంది కానీ ఇద్దరి ఎత్తుల్లో తేడా మారట్లేదు. కేవిటీ పొడవు కదిలినప్పుడు రెండు లేజర్లూ దాదాపు ఒకేలా జరుగుతాయి, మనం వాడుకునేది తేడా మాత్రమే కాబట్టి ఆ కదలిక చాలా వరకు కొట్టుకుపోతుంది. తర్వాత దువ్వెనలో ఒక పన్ను మొదటి లేజర్ పక్కన, ఇంకో పన్ను, 60 పళ్ళ అవతలది, రెండో లేజర్ పక్కన వచ్చేలా పెట్టి, రెండు చోట్లా బీట్, అంటే పన్నుకీ లేజర్కీ ఉన్న తేడా ఫ్రీక్వెన్సీ, తీసుకుని, ఆ రెండు బీట్లనీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే దువ్వెన మొత్తంగా పక్కకి జరిగిన తప్పు పోతుంది, మిగిలేది పళ్ళ మధ్య దూరంలో తప్పు, అది 60 రెట్లు పెద్దగా కనపడుతుంది. ఆ తప్పుని చూసి దువ్వెనని వెనక్కి సరిదిద్దుతూ ఉంటారు. 1.2 టెరాహెర్ట్జ్‌ని 60తో భాగిస్తే 20 గిగాహెర్ట్జ్, రొద 36 డీబీ తగ్గుతుంది.

ఇక్కడ నీకు ఒక డౌటు రావాలి, వస్తే మంచి ఇంజనీర్ అవుతావు: 193 టెరాహెర్ట్జ్ నుంచి నేరుగా 20 గిగాహెర్ట్జ్ దాకా భాగిస్తే 80 డీబీ వచ్చే చోట 36తో సరిపెట్టుకోవడమేంటి అని. కేవిటీ పొడవు కదలిక నుంచి వచ్చే రొదకి నష్టమేమీ లేదు, ఎందుకంటే తేడా తీసుకున్నప్పుడే అది 160 రెట్లు తగ్గిపోయింది, 193ని 1.2తో భాగించి చూడు, ఆపైన ఇంకో 60 రెట్లు, మొత్తం కలిపితే పూర్తి భాగహారమే. నష్టపోయేది ఎక్కడంటే రెండు లేజర్లకీ విడివిడిగా ఉండే రొద దగ్గర, లాక్ ఎలక్ట్రానిక్స్ రొద దగ్గర, వాటికి 36 డీబీ మాత్రమే దక్కుతుంది. కాబట్టి ఈ పద్ధతిలో ఎవరి రిజల్ట్ చూసినా ముందు లాక్ ఎంత బాగా చేశారో చూడు, రెండు లేజర్ల మధ్య దూరం ఎంత పెట్టారో చూడు, దూరం పెంచేకొద్దీ మేలు.

మీ ప్రొఫెసర్ చెప్పినవి ఇవే. 2024 మార్చిలో మూడు పేపర్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. నిస్ట్ వాళ్ళూ వాళ్ళ తోటివాళ్ళూ చిన్న అద్దాల కేవిటీతో 20 గిగాహెర్ట్జ్ తీశారు, 10 గిగాహెర్ట్జ్‌కి లెక్క కట్టుకుంటే 10 కిలోహెర్ట్జ్ దూరంలో మైనస్ 140 చుట్టుపక్కల, పోయినసారి నేను రాసిన అంకె ఇదే. వర్జీనియా యూనివర్సిటీ బృందం అద్దాల బదులు చిప్పు మీదే 4 మీటర్ల వేవ్‌గైడ్‌ని దోమల కాయిల్‌లాగా చుట్టి దాన్నే కేవిటీగా వాడి 100 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళింది. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు ఒకే లేజర్‌తో, లాక్ ఎలక్ట్రానిక్స్ లేకుండా వెలుతురుతో వెలుతురుని సరిదిద్దే పద్ధతిలో 16 గిగాహెర్ట్జ్ తీశారు. నన్నడిగితే అంకెల్లో మొదటిది ముందుంది, కానీ నాకు మనసు పడింది మూడోదాని మీద, లాక్ సర్క్యూట్లు ట్యూన్ చేస్తూ ఏళ్ళు గడిపినవాళ్ళకి ఆ సర్క్యూటే అక్కర్లేదంటే ఎంత సంతోషమో చెప్పలేను.

రాడార్‌కి దీనివల్ల నిజంగా ఏం ఒరుగుతుంది? పాత రాడార్లు పనిచేస్తూనే ఉన్నాయి కదా.
(రిటైర్డ్ ఉద్యోగి, సైనిక్‌పురి)

పనిచేస్తున్నాయండి, వేగంగా పోయే విమానాన్ని పట్టుకోవడానికి అవి చాలు. ఇబ్బంది నెమ్మదిగా కదిలేవాటితో వస్తుంది. 10 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు 3 సెంటీమీటర్లు, మనిషి సెకనుకి ఒకటిన్నర మీటర్ల నడకతో ఎదురొస్తే తిరిగొచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ మారుతుంది, ఆ మార్పు చూసే కదులుతోందని తెలుస్తుంది. కానీ అతని వెనక కొండ ఉంటే కొండ నుంచి వచ్చే ప్రతిధ్వని మనిషిది కన్నా లక్షల రెట్లు పెద్దది, కొండ కదలకపోయినా రాడార్ సొంత ఆసిలేటర్ (సిగ్నల్ లయ పుట్టించే సర్క్యూట్) తడబాటు ఆ కొండ సిగ్నల్ చుట్టూ ఒక మసక అంచులా అంటుకుని ఉంటుంది, 100 హెర్ట్జ్ దూరంలో ఆ మసక మనిషి సిగ్నల్ కన్నా ఎత్తుగా ఉంటే మనిషి కనపడడు. బోనాల ఊరేగింపులో డప్పుల మధ్య పక్కవాడి మాట విన్నట్టు. ట్రాన్స్‌మిటర్ పవర్ పెంచితే కొండా పెరుగుతుంది మసకా పెరుగుతుంది, ఉపయోగం లేదు, ఆసిలేటర్‌ని ప్రశాంతంగా చేయడం ఒక్కటే దారి. కొండ దగ్గర్లో ఉంటే సిగ్నల్ వెళ్ళి వచ్చే టైమ్ తక్కువ కాబట్టి కొంత తడబాటు తనంతట తానే రద్దవుతుంది, కొండ దూరం పెరిగేకొద్దీ ఆ వెసులుబాటు తగ్గిపోతుంది. చిన్న డ్రోన్లది కూడా ఇదే కథ.

ఇటలీలో పీసా వాళ్ళు 2014లోనే లేజర్ నుంచి పుట్టిన సిగ్నల్‌తో పూర్తి రాడార్ ఒకటి కట్టి నిజమైన విమానాల మీద చూపించారు, కాబట్టి ఊహల్లో మాట కాదు. ఫోన్లకి కూడా పనికొస్తుంది, మన దగ్గర 2022లో 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా వేలం వేశారు, అంత పైన ఒక్కో సింబల్‌లో, అంటే ఒకసారి పంపే సిగ్నల్ ముక్కలో, ఎక్కువ బిట్లు పెట్టాలంటే ఫేజ్ తిరగకూడదు.

ఇది నిజంగా చిప్పేనా, లేక చిప్పు చుట్టూ టేబుల్ నిండా సామాను ఉంటుందా? మన దేశంలో చేస్తున్నారా? హైదరాబాద్‌లో ఉండి ఈ రంగంలోకి రావచ్చా?
(ఎంటెక్ విద్యార్థి, తార్నాక)

సూటిగా చెప్తా. దువ్వెన రింగు చిప్పు, ఫోటోడయోడ్ చిప్పు, లేజర్ ఇండియం ఫాస్ఫైడ్ చిప్పు, వీటిని చేతిలో పట్టుకోవచ్చు. కానీ వీటి మధ్య ఇప్పటికీ ఫైబర్లు ఉన్నాయి, వెలుతురు వెనక్కి రాకుండా ఆపే ఐసొలేటర్లు, యాంప్లిఫయర్లు, లాక్ బోర్డులు, కేవిటీకి వాక్యూమ్ ఉన్నాయి. ఒక్కో చిప్పు నుంచి ఇంకో చిప్పుకి వెలుతురు పోయేటప్పుడు కొంత నష్టం, ఆ నష్టమే తర్వాత రొదగా కనపడుతుంది. పూర్తిగా చిప్పు మీదే కేవిటీ పెడితే వేడి రొద ఎక్కువ, అద్దాల కేవిటీ పెడితే సైజు ఎక్కువ, ఈ పేచీ ఇంకా తెగలేదు. గది నిండా ఉన్నది టేబుల్ మీదకి, టేబుల్ మీద ఉన్నది డబ్బాలోకి వచ్చింది, అది కూడా తక్కువేం కాదు.

మన దేశంలో ఐఐటీ మద్రాస్‌లో సిలికాన్ ఫోటోనిక్స్ కోసం ఒక కేంద్రమే ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీలో నానో ఫ్యాబ్ ఉంది, చిప్పు వైపు పోవాలంటే ఆ రెండు తలుపులూ తట్టు. హైదరాబాద్‌ది ఇంకో బలం, ఇది మైక్రోవేవ్ ఊరు. రక్షణ శాఖ ల్యాబులు డీఎల్ఆర్ఎల్, ఆర్‌సీఐ, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ప్రైవేటు కంపెనీ ఆస్ట్రా మైక్రోవేవ్, ఉస్మానియాలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన విభాగం నెర్టు, ఇంత మంది ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మనుషులు ఉన్న ఊర్లు దేశంలో తక్కువ. ఫోటోనిక్స్ వాళ్ళకి లేజర్ తెలుసు కానీ చివర్లో వచ్చిన మైక్రోవేవ్‌ని ఎలా కొలవాలో, ఎలా పాడవకుండా యాంప్లిఫై చేయాలో తడబడతారు. ఆ ఖాళీలోకి మీలాంటి వాళ్ళు వెళ్ళాలి, ఫేజ్ నాయిస్ నేర్చుకున్న ఆర్ఎఫ్ ఇంజనీర్ కొంచెం ఆప్టిక్స్ నేర్చుకుంటే రెండు వైపులా పనికొస్తాడు.

ఫేజ్ నాయిస్ నేర్చుకోవాలని ఉంది, కానీ మా కాలేజీలో దాన్ని కొలిచే మెషీన్ లేదు, కొనే స్థోమత లేదు. ఇంట్లో ఏదైనా చేయొచ్చా?
(బీటెక్ విద్యార్థి, నాచారం)

చేయొచ్చు, చెయ్యి కూడా. లేజర్ వాళ్ళు వాడే కొలత సూత్రం కూడా ఇదే, సైజులే తేడా. ఒకేలాంటి 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్లు రెండు తెచ్చుకో, కనీసం ఒకదానికి వోల్టేజ్‌తో కొంచెం ట్యూన్ చేసే పిన్ ఉండాలి. రెండింటినీ ఒక డబుల్ బ్యాలెన్స్‌డ్ మిక్సర్‌లోకి, అంటే రెండు సిగ్నల్స్ మధ్య తేడాని బయటికిచ్చే భాగంలోకి, పంపు. ముందు రెండూ కొంచెం తేడాగా ఉండనిచ్చి వచ్చే బీట్ ఎత్తు చూసుకో, ఆ బీట్ పీక్ వోల్టేజే నీకు ఒక రేడియన్‌కి ఎన్ని వోల్టులో చెప్పే కొలబద్ద. తర్వాత మిక్సర్ అవుట్‌పుట్‌నే చాలా నెమ్మదైన లూప్‌తో ట్యూనింగ్ పిన్‌కి ఇచ్చి రెండింటినీ 90 డిగ్రీల తేడాలో పట్టి ఉంచు, అప్పుడు అవుట్‌పుట్ సగటున సున్నా దగ్గర ఉండి, దాని మీద వణుకుతూ కనపడేదంతా ఫేజ్ నాయిస్. దాన్ని తక్కువ నాయిస్ ఆడియో యాంప్లిఫయర్‌తో పెంచి లాప్‌టాప్ సౌండ్ కార్డుకి ఇచ్చి ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత రొద ఉందో విడదీసే లెక్క) తీస్తే 20 కిలోహెర్ట్జ్ దాకా గ్రాఫ్ వస్తుంది. రెండు ఆసిలేటర్లూ సమానం అనుకుంటే ఒక్కోదానికి 3 డీబీ తీసెయ్. లూప్ వేగం కన్నా దగ్గరగా ఉన్న ఆఫ్‌సెట్లలో, అంటే అసలు సిగ్నల్ నుంచి అంత తక్కువ దూరాల్లో, వచ్చే అంకెల్ని నమ్మకు, అక్కడ లూపే నాయిస్‌ని తినేస్తుంది.

సప్లైకి అడాప్టర్ వాడకు, బ్యాటరీలు పెట్టు, లేకపోతే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నిటారు గీతలు వస్తాయి. బ్యాటరీ పెట్టినా గీతలు వస్తే చుట్టూ చూడు. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఇలాంటి గీత కోసం రెండు వారాలు సర్క్యూట్ అంతా విప్పాం, సోల్డరింగ్ మళ్ళీ చేశాం, కేబుళ్ళు మార్చాం, చివరికి పక్క ర్యాక్‌లో ఫ్యాన్ తిరుగుతూ టేబుల్‌ని వణికిస్తోంది, ఆ వణుకుకి క్రిస్టల్ ఊగుతోంది. క్రిస్టల్ ఒత్తిడికి స్పందించే వస్తువు, వణుకు కూడా దానికి సిగ్నలే. ఫ్యాన్ ఆపగానే గీత పోయింది. కాబట్టి రాత్రి పూట, కూలరూ సీలింగ్ ఫ్యానూ ఆపి, ఆసిలేటర్ల కింద మెత్తని స్పాంజి పెట్టి ఒక గ్రాఫ్ తియ్యి, మళ్ళీ ఫ్యాన్ వేసి ఇంకోటి తియ్యి, రెండూ పక్కపక్కన పెట్టి మా ఆఫీసుకి పంపు, బాగుంటే వచ్చే సంచికలో వేస్తా.